91–7తో గెలిచాం, మళ్లీ ఆ జట్టుతోనే ఆట: స్కోరు ఎప్పుడు, ఎలా ఆపాలి?

ప్రశ్న: మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి చదివే హైస్కూల్లో అమ్మాయిల వార్సిటీ (బడి మొదటి) బాస్కెట్‌బాల్ జట్టుకు నేను వాలంటీర్ అసిస్టెంట్ కోచ్‌ని. కిందటి వారం లీగ్ ఆటలో ఒక చిన్న బడి మీద 91–7తో గెలిచాం. క్వార్టర్లవారీగా 31–2, 27–2, 22–1, 11–2. అవతలి జట్టులో ఆ రోజు వచ్చింది ఏడుగురే. మూడో క్వార్టర్ సగం అయ్యేదాకా మా హెడ్ కోచ్ ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టు పొడవునా మీదపడి బంతి లాక్కునే డిఫెన్స్) తియ్యలేదు. చివర్లో చేతులు కలిపేటప్పుడు వాళ్ల కోచ్ ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. మర్నాడు మా ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు వచ్చింది. ఇలాంటి ఆటలకు ఒక ప్లాన్ రాసి పెట్టమని హెడ్ కోచ్ ఇప్పుడు నాకు అప్పజెప్పాడు. వచ్చే నెల వాళ్ల జిమ్‌లోనే మళ్లీ ఆడాలి. తగ్గి ఆడితే అదే అసలైన అవమానమని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. పైగా సీజనంతా బెంచీ మీద కూర్చునే పిల్లలు కోర్టులోకి దిగేది ఇలాంటి ఆటల్లోనే. వాళ్లను షూట్ చెయ్యొద్దని ఏ నోటితో చెప్పను?

సమాధానం: ముందు మీరు పంపిన క్వార్టర్ల లెక్కే చూడండి. 91లో 58 పాయింట్లు మొదటి సగంలోనే వచ్చాయి. ఒహాయోలో రెండో సగంలో తేడా 35కి చేరితే గడియారం ఆగకుండా నడిచే నిబంధన ఉంది. మీ ఆటలో అది మూడో క్వార్టర్ మొదలవగానే అమల్లోకి వచ్చి ఉంటుంది. కానీ అప్పటికే తేడా 54. కాబట్టి మీరు రాసే ప్లాన్ మొదటి క్వార్టర్‌కి రాయాలి. చాలామంది కోచ్‌లు "సెకండ్ హాఫ్‌లో స్టార్టర్లను (ఆట మొదలుపెట్టే అయిదుగురిని) కూర్చోబెట్టాం కదా" అంటారు. ఆ మాట నిజమే అయినా పనికిరాదు.

ఈ విషయంలో దేశమంతా చెప్పుకున్న ఆటల్లోనూ జరిగిందిదే. 2015 జనవరిలో కాలిఫోర్నియా శాన్ బెర్నార్డినోలోని అరోయో వ్యాలీ హైస్కూల్, బ్లూమింగ్టన్ మీద 161–2తో గెలిచింది. సగం ఆటకు స్కోరు 104–1. రెండో సగంలో రిజర్వు పిల్లలనే ఆడించానని కోచ్ చెప్పాడు, అయినా ఇంకో 57 పాయింట్లు వచ్చాయి. అతన్ని రెండు ఆటలకు సస్పెండ్ చేశారు. 2009 జనవరిలో డాలస్‌లో కావనెంట్ స్కూల్, డాలస్ అకాడమీ మీద 100–0తో గెలిచినప్పుడు సగం ఆటకు 59–0. డాలస్ అకాడమీ చదువులో ఇబ్బందులున్న పిల్లల బడి, జట్టులో ఉన్నది ఎనిమిది మంది అమ్మాయిలు. స్కోరు వంద దగ్గరపడుతుంటే గెలుస్తున్న జట్టు తరఫు ప్రేక్షకులు ఉత్సాహంగా కేకలు వేశారని చూసినవాళ్లు చెప్పారు. గెలిచిన బడే క్షమాపణ చెప్పి, ఆ గెలుపును వదులుకుంటామంది. క్షమాపణతో ఏకీభవించనని బహిరంగంగా రాసిన కోచ్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2022 జనవరిలో కనెక్టికట్‌లో సేక్రెడ్ హార్ట్ అకాడమీ 92–4తో గెలిచిన ఆటకు కోచ్‌ను ఒక ఆట పాటు పక్కన పెట్టారు. మీ 91–7 వీటికి పెద్ద దూరంలో లేదు. ఫిర్యాదు ప్రిన్సిపాల్ దగ్గరే ఆగినందుకు మీ హెడ్ కోచ్ సంతోషించాలి.

ఈ మూడూ అమ్మాయిల ఆటలే కావడానికి కారణం ఉంది. చిన్న బడుల్లో అమ్మాయిల జట్టు చాలాసార్లు అప్పటికప్పుడు కూడగట్టిందే. ఒకరిద్దరు చిన్నప్పట్నించి ఆడినవాళ్లు ఉంటారు, మిగతావాళ్లు నిరుటిదాకా వాలీబాలో, సాకరో ఆడినవాళ్లు. అంటే ఒత్తిడిలో డ్రిబుల్ చేస్తూ బంతిని సగం గీత దాటించగలిగేది ఒక్కతే. దాటించడానికి ఉన్నది పది సెకన్లు. మీ ప్రెస్‌లో ఇద్దరు వెళ్లి ఆ ఒక్కతిని మూలకు నెట్టి చుట్టేస్తారు. కంగారులో ఆమె గాల్లోకి విసిరిన పాస్ మీ మూడో అమ్మాయి చేతిలో పడుతుంది. అది పడేది వాళ్ల బాస్కెట్‌కి పదిహేను అడుగుల దూరంలో. రెండు డ్రిబుళ్లు, ఒక లేఅప్ (బాస్కెట్ కిందికి వెళ్లి వేసే తేలికైన షాట్). వాళ్లు మళ్లీ ఇన్‌బౌండ్ చెయ్యాలి (గీత బయటి నుంచి బంతి లోపలికి వెయ్యాలి), ఎదురుగా మళ్లీ అదే ప్రెస్. ఎనిమిది నిమిషాల్లో 31 పాయింట్లంటే సగటున అరనిమిషానికో బాస్కెట్. సగం కోర్టులో పాసులు ఇచ్చుకుంటూ ఆడే ఏ హైస్కూల్ జట్టుకూ అంత వేగం రాదు. ఆ 31లో మీ పిల్లల షూటింగ్ ప్రతిభ కొంతే, మిగతాదంతా ప్రెస్ చలవ.

అందుకే తగ్గించాల్సింది పిల్లల పట్టుదలను కాదు, బంతి చేతులు మారే వేగాన్ని. మీ తల్లిదండ్రులకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. రెండో సగం 16 నిమిషాలు, అంటే 960 సెకన్లు. ప్రెస్ చేసి, దొంగిలించి, లేఅప్ కొడుతూ పోతే రెండు జట్ల వంతులూ కలిపి ఇరవై సెకన్లలో అయిపోతాయి. అప్పుడు మీకు 48 పొజెషన్లు (బంతి మీ చేతికొచ్చే వంతులు). పొజెషన్‌కి ఒక పాయింట్ చొప్పున వేసుకున్నా 48. ప్రెస్ తీసేసి, ఫాస్ట్ బ్రేక్ (బంతి దొరగ్గానే పరిగెత్తి దాడి చెయ్యడం) ఆపేసి, మీరు 25 సెకన్లు, వాళ్లు 15 సెకన్లు తీసుకుంటే రెండు వంతులూ కలిపి 40. మీకు 24 పొజెషన్లు, బెంచీ పిల్లల చేతిలో 18, 20 పాయింట్లు. ఆగని గడియారంలో ఇంకా తక్కువ. ఇందులో ఏ అమ్మాయీ షూట్ చెయ్యడం మానలేదు, ఎవరూ కావాలని మిస్ చెయ్యలేదు. అయినా స్కోరు సగానికి సగం పడిపోయింది.

ఇక ఎప్పుడు అన్నది. స్కోరు ఒక్కటే చూసి నిర్ణయిస్తే దెబ్బతింటారు. సరిజోడు జట్టు మీద మొదటి క్వార్టర్లో వచ్చిన 15 పాయింట్ల ఆధిక్యం రెండో క్వార్టర్లో ఆవిరైపోవచ్చు. అందుకని స్కోరుతోపాటు ఇంకో గుర్తు కావాలి. అవతలివాళ్ల కిందటి ఎనిమిది పొజెషన్లలో ఎన్నిసార్లు బంతి సగం గీత దాటింది, ఎన్నిసార్లు షాట్ దాకా వెళ్లింది? తేడా 15 దాటి, ఎనిమిదిలో షాట్లు మూడుకు మించకపోతే ఆ క్షణమే ప్రెస్ తియ్యండి, అది మూడో నిమిషమైనా సరే. హెడ్ కోచ్ ఆటలో మునిగిపోయి ఉంటాడు, ఆయనకు ఇది కనిపించదు. ఒక కాగితం మీద రెండు వరుసలు గీసుకుని గీతలు పెట్టుకుంటూ పోయే పని మీరు తీసుకోండి. ఏ అంకె దగ్గర ఏం చెయ్యాలో ఆటకు ముందే ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి. ఆట మధ్యలో వాదన పెట్టుకుంటే ఎప్పుడూ "ఇంకో రెండు నిమిషాలు చూద్దాం" అనేవాళ్లదే పైచేయి అవుతుంది.

ప్రెస్ తియ్యడమంటే అయిదుగురూ సగం గీత వెనక్కి వచ్చెయ్యడం. చాలా జట్లు ప్రెస్ తీశామని చెబుతూనే ఇన్‌బౌండ్ చేసే అమ్మాయి ముందు ఒకరిని చేతులెత్తి నిలబెడతాయి, సగం గీత దగ్గర ఇద్దరిని కాపు పెడతాయి. బలహీనమైన జట్టుకు ఆ మాత్రం చాలు, మళ్లీ బంతి పోతుంది. పూర్తిగా వెనక్కి రండి, ఎదురు జట్టును నడుచుకుంటూ రానివ్వండి.

తేడా 20కి చేరాక ఫాస్ట్ బ్రేక్ ఆపండి. పిల్లలకు మప్పడానికి కష్టమైనది ఇదే, ఎందుకంటే రోజూ ప్రాక్టీసులో వాళ్లకు నేర్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. రీబౌండ్ (తప్పిన షాట్ బంతి) దొరగ్గానే తలెత్తి ముందుకు చూసే అలవాటు ఒక్క మాటతో పోదు. స్పష్టమైన నియమం పెట్టండి: రీబౌండ్ ఎవరు పట్టినా బంతి పాయింట్ గార్డ్ చేతికే, ఆమె నడిచే తీసుకొస్తుంది. స్టీల్ (అవతలివాళ్ల నుంచి లాక్కున్న బంతి) దొరికితే సగం గీత దాటాక పక్కకు లాగి మిగతా నలుగురి కోసం ఆగాలి. ముందు ఎవరూ లేకపోయినా అంతే. దీన్ని ప్రాక్టీసులో పది నిమిషాలు ఆడించి చూడండి. ఆడించకుండా ఆట రోజు చెబితే మొదటి స్టీల్‌కే ఎవరో ఒకరు పరిగెత్తి లేఅప్ కొట్టి, తర్వాత బెంచీ వైపు బిక్కమొహం వేసుకుని చూస్తారు. అది ఎవరికీ బాగుండదు.

25, 30 దగ్గర స్టార్టర్లు బయటికి రావాలి. అయిదుగురినీ ఒకేసారి తీస్తే లోపలికి వెళ్లిన అయిదుగురూ తడబడతారు, ఆట చిందరవందరవుతుంది, ఫౌళ్లు పెరుగుతాయి. ఇద్దరిద్దరుగా మార్చండి. అసలు పొరపాటు జరిగేది మూడో క్వార్టర్ మొదట్లో. రెండో సగం స్టార్టర్లతోనే మొదలుపెట్టాలన్న అలవాటు కొద్దీ మళ్లీ వాళ్లనే దింపుతారు. మీ మూడో క్వార్టర్ 22–1 చూస్తే మీ దగ్గరా అదే జరిగినట్టుంది. వెళ్లిన స్టార్టర్ మళ్లీ రాకూడదు, గాయమో ఫౌళ్ల ఇబ్బందో అయితే తప్ప. జూనియర్ వార్సిటీ (బడి రెండో జట్టు) నుంచి పిల్లలను తెచ్చుకునే పనైతే, ఒక అమ్మాయి ఒకే రోజు రెండు స్థాయిల్లో కలిపి ఎన్ని క్వార్టర్లు ఆడొచ్చన్న పరిమితి చాలా రాష్ట్రాల్లో ఉంటుంది. మీ అథ్లెటిక్ డైరెక్టర్‌ను ముందే అడిగి, ఆ సాయంత్రం జూనియర్ ఆటలో ఆ పిల్లలకు ఒక క్వార్టర్ తగ్గించి ఉంచండి. ఇది మరిచిపోయి నాలుగో క్వార్టర్లో దింపడానికి మనిషి లేక స్టార్టర్లనే తిప్పిన కోచ్‌లున్నారు.

డిఫెన్స్‌లో 2–3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు చోటును కాచే పద్ధతి) వేసి అందరి కాళ్లూ పెయింట్‌లోనే (బాస్కెట్ ముందున్న గీతల లోపలే) ఉంచండి. పాసుల దారిలో చేతులు పెట్టొద్దు. షాట్‌కి చెయ్యి ఎత్తి నిలబడాలి కానీ ఎగిరి బ్లాక్ చెయ్యొద్దు. దీంట్లో ఒక చిక్కుంది. లోపల దారి మూసుకుపోతే వాళ్లు బయటి నుంచి షూట్ చేస్తారు, అవి రిమ్‌కి తగిలి దూరంగా ఎగురుతాయి, దూరపు రీబౌండ్ అంటేనే ఫాస్ట్ బ్రేక్‌కి ఆహ్వానం. అందుకే బ్రేక్ ఆపమన్న నియమం జోన్ కంటే ముందు పెట్టాలి. వాళ్లలో డ్రిబుల్ చెయ్యగలిగిన అమ్మాయి ఉంటే మ్యాన్ టు మ్యాన్‌కి (ఒక్కొక్కరు ఒక్కొక్కరిని కాచే పద్ధతికి) మారి, చెయ్యి చాపినంత దూరంలో తగ్గి నిలబడటం మేలు. ఆమెకు తన ఆట చూపించుకునే చోటు దొరుకుతుంది, మీ పిల్లలకు కాళ్లు కదిపే సాధన అవుతుంది.

అఫెన్స్‌లో షాట్‌కి ముందు కనీసం అయిదు పాసులు, బంతి కోర్టుకి రెండు పక్కలా వెళ్లాలి, ఒక్కసారైనా పోస్ట్‌లోకి (బాస్కెట్ దగ్గరి చోటుకి) వెళ్లి రావాలి. 35 సెకన్ల షాట్ క్లాక్‌ను రాష్ట్రాలు 2022–23 సీజన్ నుంచి పెట్టుకోవచ్చని జాతీయ హైస్కూల్ సమాఖ్య అనుమతించింది. అది ఉన్న చోట ఆడితే చివరి పది సెకన్లలో షూట్ చేస్తే సరిపోతుంది. అయితే బెంచీ మీంచి "అయిదు పాసులు! అయిదు పాసులు!" అని అరవకండి. జిమ్‌లో అందరికీ వినిపిస్తుంది, అవతలి అమ్మాయిలకు అందరికంటే ముందు వినిపిస్తుంది. దానికో పేరు పెట్టండి, ఒక రంగు పేరో, ఊరి పేరో. చూసేవాళ్లకు అది మీ ప్లేబుక్‌లో ఇంకో ప్లే అనిపించాలి.

మీ తల్లిదండ్రులు అవమానమన్నదాంట్లో సగం నిజముంది. చేసే పద్ధతిని బట్టి తగ్గడం నిజంగానే అవమానమవుతుంది. పెయింట్‌లో ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి బంతి పట్టుకుని షూట్ చెయ్యకుండా బయటికి పాస్ ఇస్తే, పదహారేళ్ల ప్రత్యర్థికి అర్థం కాకుండా పోదు. పక్కకు జరిగి దారి ఇవ్వడం, ఎవరూ కాపలా లేనప్పుడు బంతి పట్టుకుని అరనిమిషం నిలబడటం, కావాలని మూడు సెకన్ల తప్పు (పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడటం) చెయ్యడం, నవ్వుకుంటూ ఎడమచేత్తో విసరడం, ఇవన్నీ 91–7 కంటే ఎక్కువ గుచ్చుకుంటాయి. అందుకే పాసుల నియమానికి ఒక మినహాయింపు రాసిపెట్టండి: సెట్ (ముందే అనుకున్న ప్లే) నడుస్తుండగా పెయింట్ లోపల ఖాళీగా బంతి దొరికితే, పాసుల లెక్క పక్కన పెట్టి మామూలుగా షూట్ చెయ్యాలి.

ఇక బెంచీ పిల్లల సంగతి. వాళ్లను షూట్ చెయ్యొద్దని చెప్పకండి. ఆ మాట ఎవరు చెప్పినా తప్పే. నవంబర్ నుంచి రోజూ రెండు గంటలు ప్రాక్టీస్ చేసి, నాలుగు నిమిషాలు కోర్టులోకి వచ్చిన పిల్లకు మీరు ఇవ్వాల్సింది నిజమైన బాస్కెట్‌బాల్. స్కోరు ఆపే భారం స్టార్టర్లు మొదటి క్వార్టర్లో మొయ్యాలి, నాలుగో క్వార్టర్లో బెంచీ పిల్లల నెత్తిన పెట్టకూడదు. మీరు 15 దగ్గర ప్రెస్ తీసి ఉంటే సగానికి 35–4 దగ్గర ఉండేవారు. అక్కడి నుంచి బెంచీ పిల్లలు సెట్ నడిపి, ప్రాక్టీస్ చేసిన షాట్లన్నీ కొట్టినా చివరికి 55 దాటదు. వాళ్లకూ ప్రెస్, బ్రేక్ నియమాలు వర్తిస్తాయి, అంతే. మూడు పాయింట్ల షాట్లను మాత్రం 19 అడుగుల 9 అంగుళాల గీత మీద నిజంగా సాధన చేసినవాళ్లకే ఉంచండి. నలభై ఆధిక్యంలో ఒకరి తర్వాత ఒకరు దూరం నుంచి విసురుతుంటే తగిలినా తగలకపోయినా వెటకారంలాగే కనిపిస్తుంది. ఆ సీజన్లో మొదటి బాస్కెట్ వేసిన పిల్లకు బెంచీ లేచి చప్పట్లు కొడితే తప్పు లేదు, అది ఎదుటివాళ్లకూ తెలుస్తుంది. స్టార్టర్ కొట్టిన మూడు పాయింట్ల షాట్‌కి తువ్వాళ్లు ఊపడం వేరే సంగతి.

స్టార్టర్లకు నేర్చుకోవడానికేమీ ఉండదన్న వాదనకు జవాబు ప్రాక్టీస్ ప్లాన్‌లోనే ఉంది. ఏ జట్టుకైనా సరిగ్గా రాని సెట్లు రెండు మూడుంటాయి. ఎడమచేతి ఫినిష్‌లు, పోస్ట్‌లోకి పాస్, తన స్థానం కాని చోట ఆడటం, వీటికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. మీ సెంటర్ చేత బంతి తెప్పించండి, గార్డ్‌ను పోస్ట్‌లో ఆడించండి. తప్పులు వాటంతటవే జరుగుతాయి, నటించాల్సిన పని లేదు.

మన తెలుగు తల్లిదండ్రుల గురించి ఒక మాట. 98 మార్కులొస్తే "ఆ రెండూ ఎక్కడ పోయాయి" అని అడిగే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. పైగా చిన్నప్పట్నించి చూసింది క్రికెట్. అక్కడ నెట్ రన్ రేట్ కోసం ఓడిపోతున్న జట్టును చివరి బంతిదాకా బాదడానికి ఒక కారణం ఉంది, టోర్నీలో పైకి వెళ్లాలంటే ఆ అంకె కావాలి. అమెరికా హైస్కూల్ లీగ్ పట్టికలో లెక్కకొచ్చేది గెలుపోటములే. ఆర్‌పీఐ పద్ధతిలో ర్యాంకు వేసే చోట కూడా మీ గెలుపులు, మీ ప్రత్యర్థుల గెలుపులు, వాళ్ల ప్రత్యర్థుల గెలుపులు చూస్తారు, ఎన్ని పాయింట్లతో గెలిచారన్నది లెక్కలోకే రాదు. 91–7కీ 52–12కీ మీ సీడింగ్‌లో (టోర్నీకి ఇచ్చే స్థానంలో) తేడా ఉండదు. "మా అమ్మాయికి 30 పాయింట్లు రావాలి, కాలేజీవాళ్లు చూస్తారు" అనే తల్లిదండ్రులకు మర్యాదగా చెప్పండి: ఎదురు లేని లేఅప్‌ల వీడియో చూసి కోచ్‌లు నేర్చుకునేదేమీ ఉండదు, గట్టి జట్టు మీద ఆడిన ఆట పంపండి. ఈ వ్యక్తిగత రికార్డుల మోజు కొత్తది కాదు. 1982లో కాలిఫోర్నియా రివర్‌సైడ్ పాలీ తరఫున షెరిల్ మిల్లర్ ఒక్క ఆటలో 105 పాయింట్లు కొట్టింది, ఆ ఆట స్కోరు 179–15. 1990లో లీసా లెస్లీ మొదటి సగంలోనే 101 కొట్టింది. అవతలి జట్టు రెండో సగానికి కోర్టులోకి రాలేదు. ఇద్దరూ తర్వాత మహా క్రీడాకారిణులయ్యారు, ఆ పేరు వచ్చింది మాత్రం సమ ఉజ్జీలతో ఆడిన ఆటల్లో. మీ జట్టులో ఎవరైనా కెరీర్‌లో వెయ్యి పాయింట్లకు దగ్గరగా ఉంటే ఆ లెక్క ఇప్పుడే చూసుకోండి. ఆ ఆట రోజునే పది పాయింట్లు తక్కువైతే కోచ్ మీద ఒత్తిడి తట్టుకోవడం కష్టం.

రెండో ఆటకు ముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. మీ హెడ్ కోచ్ చేత వాళ్ల కోచ్‌కి ఫోన్ చేయించండి. ఫోన్‌లో "పోయినసారి ప్రెస్ ముందే తియ్యాల్సింది, తియ్యలేదు" అన్న ఒక్క వాక్యం చాలు. సంజాయిషీలొద్దు, వాళ్ల పిల్లలు ఎంత పోరాడారో అన్న జాలి మాటలు అసలొద్దు. తర్వాత ఆమెకేం కావాలో అడగాలి. కొందరు కోచ్‌లు "మా పిల్లలు ప్రెస్‌ను ఎదుర్కోవడం నేర్చుకోవాలి, రెండు నిమిషాలు చెయ్యండి" అంటారు. కొందరు వద్దే వద్దంటారు. ఆట మధ్యలో ఇద్దరు కోచ్‌లూ, రిఫరీ ఒప్పుకుంటే మిగిలిన క్వార్టర్లను తగ్గించుకోవచ్చు, ఆ వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. అయితే ఆ మాట ఓడిపోతున్న కోచ్ నోటి నుంచే రావాలి. గెలుస్తున్నవాళ్లు అడిగితే వెళ్లిపోమన్నట్టే ఉంటుంది.

ఆట రోజు మీరు టైమవుట్ తీసుకోవద్దు. ఆగకుండా నడుస్తున్న గడియారాన్ని గెలుస్తున్న జట్టే ఆపితే అంతకంటే తెలివితక్కువ పని ఉండదు. పిల్లలను మార్చాలంటే ఫౌల్ కోసమో, బంతి బయటికి వెళ్లడం కోసమో చూడండి. వాళ్లు 40 వెనకబడి ఉండి కూడా మీ మీద ప్రెస్ చేస్తే ఏమీ అనుకోకండి, అది వాళ్ల హక్కు. ప్రెస్‌ను పాసులతో దాటి, సగం గీత అవతల ఆగి, మీ సెట్ మొదలుపెట్టండి. అక్కడ మీ ముగ్గురికి ఎదురుగా వాళ్లు ఇద్దరే మిగిలి లేఅప్ తేలిగ్గా దొరుకుతుంది, పిల్లలకు చెయ్యి దురద పెడుతుంది. ప్రాక్టీసులో ఈ ఒక్క సందర్భాన్ని విడిగా ఆడించండి.

మీ పిల్లలకు ప్లాన్ అంతా ముందురోజే చెప్పేయండి, కారణంతో సహా. లాకర్ రూమ్‌లో సగం ఆటకు చెబితే అప్పటికే చేసినదానికి తిట్టినట్టుంటుంది. వాళ్లు చేసింది కోచ్ చెప్పిన పనే. 91–7కి బాధ్యత పెద్దవాళ్లదని వాళ్ల ముందు ఒకసారి అనాలి, ఫిర్యాదు సంగతి బడిలో ఈపాటికి వాళ్ల చెవిన పడే ఉంటుంది. చేతులు కలిపేటప్పుడు "గుడ్ గేమ్" అని గొణగడం కాకుండా, తను కాపలా కాసిన అమ్మాయితో ఆమె ఆటలో నిజంగా చూసిన ఒక్క విషయం చెప్పమనండి. చెప్పడానికేమీ తోచకపోతే మామూలుగా చెయ్యి కలిపితే చాలు.

మీరు రాసే ప్లాన్ ఒక్క పేజీ దాటకూడదు: 15 దగ్గర ప్రెస్, 20 దగ్గర బ్రేక్, 25 దగ్గర మొదటి ఇద్దరు స్టార్టర్లు, 30 దగ్గర మిగతావాళ్లు, సెట్ పేరు, పెయింట్ మినహాయింపు. కింద హెడ్ కోచ్ సంతకం పెట్టించి ఒక కాపీ అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఇవ్వండి. వచ్చే ఏటి షెడ్యూలు వేసేది ఆయనే. లీగ్ ఆటలు తప్పవు కానీ, ఆ బడితో రెండో ఆటను మీ జూనియర్ వార్సిటీతో ఆడించే వీలుందేమో లీగ్‌ను అడగమని అదే కాగితం మీద ఒక వరుస రాయండి. స్కోరు పుస్తకంలో ప్రెస్ తీసిన సమయం, ఒక్కో స్టార్టర్ బయటికి వచ్చిన సమయం మార్జిన్‌లో నోట్ చేయించండి. మళ్లీ ఎవరైనా ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే ఆయన ముందు పెట్టడానికి ఆ పేజీ ఉంటుంది.